తీగ గేజి బిళ్ళ: కొనదగినదేనా?

మోటారు వైండింగు దుకాణాల్లోనూ, ఐటీఐ వర్క్‌షాపుల్లోనూ గోడ మేకుకు వేలాడుతూ, అరచేతిలో ఇమిడే గుండ్రటి ఉక్కు బిళ్ళ ఒకటి కనిపిస్తుంది. అంచు పొడవునా పళ్ళచక్రానికి ఉన్నట్లు సన్నని గాట్లు, ప్రతి గాటు లోపలి కొసన ఒక గుండ్రటి రంధ్రం, దాని పక్కన అచ్చుగుద్దిన ఒక అంకె: ఇంతే దాని రూపం. తీగ మందాన్ని తేల్చే ఈ బిళ్ళ పేరు ధరల జాబితాల్లో స్టాండర్డ్ వైర్ గేజి (ఎస్‌డబ్ల్యుజి); పనివాళ్ళ నోట గేజి ప్లేటు, లేదా ఒట్టి గేజి. మామూలు రకం ఐదు వందల రూపాయల లోపే దొరుకుతుంది. నేను వాడుతున్నది 1 నుంచి 36 నంబరు వరకు గాట్లున్న బిళ్ళ. ముఖం వైపు నంబర్లు, వీపు వైపు ఆయా నంబర్లకు సరిపోయే మిల్లీమీటరు కొలతలు ఉన్నాయి. డిజిటల్ కాలిపర్లు ఇంత చవకైన రోజుల్లో దీని మీద డబ్బు పెట్టడం అవసరమా అని వైండింగు నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు తరచు అడుగుతారు. అవసరమే అని నా అభిప్రాయం. అయితే దాని మీది అంకె దేనికి గుర్తో తెలిసినవారికే అది పనికివస్తుంది, తెలియనివారి చేతిలో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

ముందు వాడకం సంగతి. కొత్తగా చేతిలోకి తీసుకున్నవారిలో చాలామంది తీగను ఆ గుండ్రటి రంధ్రంలోకి దూర్చి చూస్తారు. రంధ్రం కొలత కోసం పెట్టినది కాదు. కొలత అంతా గాటు వెడల్పులోనే ఉంది. గాటులో నుంచి బిగుతుగా జారి వచ్చిన తీగ కొస మళ్ళీ గీసుకోకుండా సులువుగా బయటపడడానికి మాత్రమే ఆ రంధ్రం. తీగను సాఫు చేసి, వంకర లేని చోట పట్టుకొని, వెడల్పు గాటు నుంచి సన్న గాటు వైపు ఒక్కొక్కటిగా దింపుతూ రావాలి. బలవంతం లేకుండా దిగిన చివరి గాటు నంబరే ఆ తీగ నంబరు. అంటే 22లో దిగి 23లో దిగకపోతే అది 22 నంబరు తీగ. ఈ పద్ధతిలో బిళ్ళ మనకు చెబుతున్నది తీగ మందం ఇంత అని కాదు, ఈ రెండు హద్దుల మధ్య ఉన్నదని మాత్రమే. లేతు పనివాళ్ళు కొలిచే సాధనాన్నీ గేజినీ వేరువేరుగా చూడడానికి కారణం ఇదే: మైక్రోమీటరు ఒక అంకెను చదివి ఇస్తుంది, గేజి పడుతుందో పడదో చెబుతుంది.

నా దగ్గరున్న బిళ్ళ గాట్లను ఫీలర్ గేజి రేకులతో, అంటే మందం రాసి ఉన్న పలచని ఉక్కు రేకులతో, పరీక్షించాను. లెక్క ప్రకారం 22వ గాటు వెడల్పు 0.711 మిల్లీమీటర్లు ఉండాలి, 0.70 రేకు హాయిగా దిగింది, 0.75 రేకు అంచు దగ్గరే ఆగిపోయింది. వైండింగులో ఎక్కువగా వాడే మధ్య నంబర్లన్నీ ఇలాగే నమ్మదగినట్లు ఉన్నాయి. సన్న గాట్ల దగ్గరికి వచ్చేసరికి పనితనం పలచబడింది. 36వ గాటు 0.193 మిల్లీమీటర్లు ఉండాలి. అంత సన్నటి చీలికలో కోత మిగిల్చిన ముళ్ళు పూర్తిగా తీయకపోవడం వల్ల రాగి తీగ మీద గీత పడుతోంది. ఫ్యాను వైండింగు వంటి సన్న తీగల పనికి ఈ బిళ్ళను నేను నమ్మను. అంకెలు లోతుగా గుద్ది ఉండడం వల్ల నూనె చేతులతో ఎంత వాడినా చెరిగిపోలేదు. వీపు వైపు కొలతలు మాత్రం మరీ చిన్నవి, ట్యూబులైటు కింద పక్కకు వంచి చదవాలి.

ఇక ఆ అంకె సంగతి. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందన్న మాట కొత్తవారికి తలకిందుల వ్యవహారంగా తోస్తుంది. కంసాలి పని చూసినవారికి ఇందులో వింత కనిపించదు. బంగారు కడ్డీని కమ్మచ్చులోని పెద్ద బెజ్జంలో నుంచి మొదలుపెట్టి, వరుసగా చిన్న బెజ్జాల గుండా లాగుతూ పోతే తీగ సన్నబడుతూ వస్తుంది. ఇంగ్లండులో ఇనుప తీగ తీసినవారి పద్ధతీ అదే, అక్కడ తీగను ఎన్నో బెజ్జం గుండా లాగారో అదే దాని నంబరుగా నిలిచిపోయింది. ఎక్కువసార్లు లాగినది ఎక్కువ నంబరు, ఎక్కువ నంబరుది సన్న తీగ. చిక్కల్లా ఒక కార్ఖానా బెజ్జాలు మరో కార్ఖానా బెజ్జాలతో సరిపోకపోవడంలో వచ్చింది. బర్మింగ్‌హామ్ పేరుతో చలామణి అయిన పట్టికలో కూడా ఒకే నంబరుకు చోటును బట్టి కొలత మారేది. ఈ గందరగోళాన్ని తీర్చడానికి బ్రిటిషు ప్రభుత్వం 1883 ఆగస్టులో ఒక ప్రామాణిక పట్టికను ప్రకటించి, 1884 మార్చి 1 నుంచి అమలులో పెట్టింది. ఈ బిళ్ళ మీద ఉన్నది ఆ పట్టికే.

దానిని కాస్త దగ్గరగా చూస్తే అది ఒక సూత్రం నుంచి పుట్టినది కాదని, అప్పటికే అలవాటైన బెజ్జాలను సర్దిపెట్టినదని అర్థమవుతుంది. 10 నుంచి 14 నంబరు వరకు ఒక్కో మెట్టుకు అంగుళంలో వెయ్యో వంతులు 12 చొప్పున తగ్గుతాయి. 14 నుంచి 19 వరకు 8 చొప్పున, 19 నుంచి 23 వరకు 4 చొప్పున, 23 నుంచి 26 వరకు 2 చొప్పున. అమెరికా వారిది ఇందుకు పూర్తిగా భిన్నం. బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థ 1857లో తెచ్చిన వారి పట్టికలో ప్రతి మెట్టుకూ వ్యాసం ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. మూడు నంబర్లు దిగితే తీగ అడ్డుకోత వైశాల్యం దాదాపు సగమవుతుంది, ఆరు నంబర్లు దిగితే వ్యాసం దాదాపు సగమవుతుంది. లెక్కగా చూస్తే అమెరికా పద్ధతే అందమైనది. కాని మన వైండింగు వాళ్ళ నాలుక మీద ఉన్నది బ్రిటిషు నంబరు, కాబట్టి కొనవలసిందీ ఆ బిళ్ళే.

అసలు గేజి అనే మాటే తీగల కోసం పుట్టలేదు. ఉత్తర ఫ్రాన్సు మాండలికం నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ పదం పదిహేనవ శతాబ్దం నాటికి అక్కడ వాడుకలో ఉంది. ఫ్రెంచివారు ఈనాటికీ దానిని ‘జోజ్’ అంటారు. అంతకు ముందరి మూలం గురించి నిఘంటుకారులు ఒక్క మాట మీద లేరు; కొయ్య లేదా గడ అనే అర్థమున్న జర్మానిక్ పదం నుంచి వచ్చిందని కొందరి ఊహ. తొలినాళ్ళలో ఈ మాట ఎక్కువగా వినిపించింది పీపాల దగ్గర. మద్యం పీపా మూత తెరవకుండా లోపల ఎంత ఉన్నదో తేల్చి పన్ను కట్టించే ఉద్యోగిని గేజర్ అనేవారు. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1789 నుంచి ఆ ఉద్యోగమే చేశాడు. పీపా పొట్ట మీది బెజ్జంలో నుంచి గుర్తులు పెట్టిన కర్రను ఏటవాలుగా అడుగు మూల దాకా దింపి, ఆ నిడివిని బట్టి పీపా ఎంత పడుతుందో చెప్పేవారు. 1613లో లింజ్ పట్టణంలో తన పెళ్ళికి ద్రాక్షసారా కొన్న ఖగోళ శాస్త్రవేత్త యోహాన్నెస్ కెప్లర్‌కు ఈ పద్ధతి మీద అనుమానం వచ్చింది. పొడుగు పీపాకూ పొట్టి పీపాకూ కర్ర ఒకే నిడివి చూపవచ్చు, లోపల పట్టేది మాత్రం ఒకటి కాదు. ఆయన ఊరుకోలేదు; 1615 నాటికి పీపాల ఘనపరిమాణం మీద ఒక పుస్తకమే అచ్చువేయించాడు. ఆస్ట్రియాలో వాడే పీపాల ఆకారానికి ఆ కర్ర లెక్క ఫరవాలేదని కూడా అందులో తేల్చాడు.

ఇంగ్లీషులో ఈ మాట క్రియగా వచ్చినప్పుడు సభలో జనం మనసును పసిగట్టడం, ఎదుటివాడి బలాన్ని అంచనా కట్టడం అనే అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయో పీపా కర్రను తలచుకుంటే తేలికగా బోధపడుతుంది. లోపలికి చూడలేనిదాన్ని బయటి గుర్తును బట్టి తేల్చడమే గేజి పని. ఆ మాటను రాయడంలో మధ్యన యు అక్షరం వస్తుంది, పలకడంలో దాని జాడ ఉండదు. కొన్ని అమెరికా సాధనాల మీద ఆ అక్షరాన్ని తీసేసి అచ్చువేస్తారు. బిళ్ళ మీద అలా కనబడితే కొనేవారు ఒకసారి ఆగి చూడాలి, అది అమెరికా పట్టిక బిళ్ళ కావచ్చు.

మన ఊళ్ళలో ఈ మాట ఎన్ని చోట్ల తిరుగుతున్నదో గమనిస్తే బిళ్ళ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తేలుతుంది. రైలు గేజి అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం, అక్కడ దాపరికమేమీ లేదు: బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, ద్రోణాచలం వైపు పాత ప్రయాణికులు మరచిపోని మీటరు గేజి సరిగ్గా 1000, హైదరాబాదు మెట్రో నడిచే స్టాండర్డ్ గేజి 1435. టైరు గాలి చూసే గేజి, వర్షం కొలిచే గేజి కూడా కొలతనే చూపుతాయి. ఆసుపత్రిలో సూదుల గేజి మాత్రం తీగ గేజికి తోబుట్టువు. బర్మింగ్‌హామ్ ఇనుప తీగ పట్టిక నుంచే ఆ నంబర్లు వచ్చాయి, అందుకే అక్కడా 18 లావు, 22 సన్నం. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే ఆకుపచ్చ, గులాబీ, నీలం కాన్యులాలు వరుసగా 18, 20, 22 నంబర్లవి. తుపాకీ గొట్టం నంబరు మరీ చిత్రమైనది: పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 నంబరుది, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు.

వీటన్నిటికీ ఎదురు నడిచేది పొలాల్లో పరిచే పాలిథీన్ పట్టా. అక్కడ 100 గేజి అంటే దాదాపు 25 మైక్రాన్లు, 400 గేజి అంటే దాదాపు 100 మైక్రాన్లు. నంబరు పెరిగితే మందం పెరుగుతుంది. కంచె కోసం 12 గేజి ముళ్ళ తీగ, పొలంలో పరచడానికి 400 గేజి పట్టా ఒకే రోజు కొనే రైతుకు ఒక దుకాణంలో చిన్న నంబరు గట్టిది, పక్క దుకాణంలో పెద్ద నంబరు గట్టిది. ఈ మాటలో ఇంతకు మించిన తికమక నాకు మరొకటి కనబడలేదు. రేకుల విషయంలోనూ బిళ్ళను నమ్ముకోవడానికి లేదు. 18 గేజి అన్న ఒక్క మాటకు ఈ బిళ్ళ మీద 1.22 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో స్టెయిన్‌లెస్ రేకు అయితే 1.27, అల్యూమినియం రేకు అయితే 1.02. వంటింటి సింకు కొనేటప్పుడు గేజి అడగడం కంటే మిల్లీమీటర్లు అడగడం క్షేమం.

ఇంటి వైరింగులో పాత లెక్కలు విప్పడానికి మాత్రం ఈ బిళ్ళకు సాటి లేదు. పాత ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ త్రీ ట్వంటీటూ, త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అంటుంటారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండవది ఒక్కో పోగు నంబరు. 22 నంబరు పోగులు మూడు కలిపితే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు, 20 నంబరువి మూడైతే సుమారు 2, ఏడైతే 4.6. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినా, పాత ఇళ్ళ గోడల్లో పాతుకున్న తీగలు పాత భాషలోనే మాట్లాడతాయి. ఏసీ పెట్టే ముందు పాత లైను ఎంత లోడు ఆగుతుందో తేల్చాలంటే, మెయిన్ ఆపి, తీగ కొస ఒలిచి, ఒక్క పోగును గాటులో పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది.

బిళ్ళ విలువ పూర్తిగా తెలిసేది మోటారు వైండింగు బల్ల దగ్గరే. కాలిన మోటారు విప్పి పాత తీగ నంబరు తీయడంలో ఒక్క నంబరు పొరపాటు జరిగితే ఎంత తేడా వస్తుందో లెక్కలో చూడవచ్చు. 22 నంబరు బదులు 23 చుట్టారనుకుందాం. వ్యాసం 0.711 నుంచి 0.610కి పడిపోతుంది, రాగి అడ్డుకోత 26 శాతం తగ్గుతుంది, నిరోధం 36 శాతం పెరుగుతుంది, అదే కరెంటు ప్రవహిస్తే చుట్టలో పుట్టే వేడి కూడా అంతే పెరుగుతుంది. వేసవిలో తక్కువ వోల్టేజీ మీద లాగే బోరు మోటారు ఆ వేడికి తట్టుకోలేదు. రాగి కిలోల లెక్కన కొనే సరుకు కాబట్టి సన్న నంబరు చుట్టితే దుకాణదారుకు మిగులూ ఉంటుంది. వైండింగుకు ఇచ్చిన రైతు పాత తీగ ముక్క ఒకటి దగ్గర పెట్టుకొని, కొత్త తీగ ముక్క ఒకటి అడిగి తీసుకుంటే, రెండింటినీ ఒకే గాటులో పెట్టి చూడడానికి చదువు అవసరం లేదు. ఈ బిళ్ళను నేను సిఫారసు చేయడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

అయితే ఇక్కడే అందరూ పడే గోతి ఒకటుంది. వైండింగు తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. పూత మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే అయినా, 22 నంబరు రాగి తీగను 22వ గాటులో దిగనివ్వకుండా ఆపడానికి అది చాలు. పూతతో పాటే కొలిచినవారు 21వ గాటు దగ్గర ఆగి, అది 21 నంబరు తీగ అని రాసుకుంటారు. తీగ కొసను కొద్దిగా వేడి చేసి, గుడ్డతో తుడిచి, ఎర్రటి రాగి బయటపడిన తరువాతే గాటులో పెట్టాలి. ఎమరీ కాగితంతో గట్టిగా రుద్దితే పూతతో పాటు రాగి కూడా పోయి తప్పు మరోవైపు జరుగుతుంది. నీళ్ళు నిండే సబ్‌మెర్సిబుల్ మోటార్లలో పాలీ పొర చుట్టిన తీగ వాడతారు, దాని పొర ఇంకా మందం. ఒలవకుండా కొలిచే ప్రసక్తే లేదు. ఆ తీగ చుట్టల మీద కొలత మిల్లీమీటర్లలోనే రాసి ఉంటుంది కనుక, నంబరు చెప్పే పాత మేస్త్రీకీ మిల్లీమీటరు చెప్పే కొత్త చుట్టకూ మధ్య బిళ్ళ వీపే దుబాసీ. వీపున మిల్లీమీటర్లు లేని బిళ్ళలూ సగం ధరకు అమ్ముతున్నారు, వాటిని కొనవద్దు.

కొనుగోలులో మరో జాగ్రత్త. బ్రిటిషు బిళ్ళా అమెరికా బిళ్ళా చూడడానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు ఒకటి చూపి ఇంకొకటి పంపాడు, తిప్పి పంపడానికి పడిన తిప్పలు వేరే కథ. తేడా పట్టడానికి 20వ నంబరు చూస్తే చాలు: వీపున 0.914 ఉంటే బ్రిటిషుది, 0.812 ఉంటే అమెరికాది. అమెరికా 20 నంబరు తీగ ఈ బిళ్ళలో 21వ గాటులో అతికినట్లు కూర్చుంటుంది, కాబట్టి తీగ చుట్ట మీద ఏ పట్టిక నంబరో చూడకుండా ఆర్డరు పెట్టేవారికి అనుకున్నదానికంటే సన్న తీగ చేతికి రావచ్చు.

బిళ్ళ బదులు మైక్రోమీటరు కొంటే సరిపోదా అంటే, నూరింట ఒక వంతు మిల్లీమీటరు వరకు చదివే మైక్రోమీటరు కచ్చితత్వంలో దీనికంటే ఎన్నో మెట్లు పైనున్నది, నిజమే. 30 నంబరు దాటిన తీగలకు, రెండు నంబర్ల మధ్య పడే తీగలకు, మిల్లీమీటరు లెక్కన అమ్మే తీగలకు అదే దిక్కు. కాని కింద పడితే దాని సున్నా చెదురుతుంది, రాగి మీద గట్టిగా బిగిస్తే తీగ నొక్కుకుపోయి కొలత తగ్గుతుంది, చవక డిజిటల్ కాలిపరుకైతే బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో తెలియదు. బిళ్ళకు ఈ బాధలేవీ లేవు. దుకాణం పెట్టుకున్నవారు రెండూ ఉంచుకొని, బిళ్ళతో నంబరు తేల్చి మైక్రోమీటరుతో సరిచూసుకోవడం మంచిది. ఇంట్లో అప్పుడప్పుడు వాడుకునేవారికి బిళ్ళ ఒక్కటే చాలు.

కొనే ముందు గాట్ల లోపలి అంచును గోటితో తడిమి ముళ్ళు లేవని చూసుకోవాలి, బిళ్ళ మీద ఎస్‌డబ్ల్యుజి అన్న అక్షరాలు గుద్ది ఉన్నాయో లేదో చూడాలి, స్టెయిన్‌లెస్ రకం దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోవాలి. మామూలు ఉక్కుదైతే వానాకాలంలో గాట్లలో తుప్పు చేరి వెడల్పు తగ్గుతుంది, పని అయ్యాక మెషిన్ ఆయిల్ చుక్క వేసి తుడిచి పెట్టాలి. ఎన్నో ఏళ్ళు ఇనుప తీగలు లాగి అరగదీసిన బిళ్ళ పాత సామాను దుకాణంలో చవకగా వచ్చినా వద్దు, దాని గాట్లు అరిగి వెడల్పెక్కి ఉండవచ్చు.